ఏడో వరస దుమ్ము

పెల్షా ఇంటి ముందు బండి ఆపకూడదు.

మా సెంటోదిల్ పల్లెలో ఎవరికైనా బండి నడపడం నేర్పేటప్పుడు బ్రేకు ఇది, క్లచ్చు ఇది అని చూపించి, ఆ వెంటనే చెప్పే మాట అదే. ఏడో వరస మట్టిరోడ్డు మీద పోవాల్సొస్తే పో. అద్దాలు ఎత్తేసుకో. రేడియో గట్టిగా పెట్టుకో. ఆ ఇల్లు దాటేదాకా కుడివైపు చూడకు. టైరు పంక్చరైనా సరే, ఈడ్చుకుంటూ పో… ఆపకు.

ఎందుకంటే, అక్కడ జెర్వేజ్ ఏడుస్తుంది.

మా తాతల నాటి మాట. జెర్వేజ్ పెల్షా మొగుడు చలికాలం కలప కొట్టడానికి అడవికి పోయాడు. మంచు కరిగాక అందరి మొగుళ్ళూ తిరిగొచ్చారు, ఆమె మొగుడు రాలేదు. రోజూ వాకిట్లో నిలబడేది. ఒక నవంబరు రాత్రి అలా నిలబడి… నిలబడే ఉండిపోయింది. పొద్దున్నే పాలకి పోయేవాళ్ళు ఆమెని పలకరించారు కూడా. పలక్కపోతే పొగరనుకుని వెళ్ళిపోయారు. మధ్యాహ్నం దాకా ఎవరికీ తెలీలేదు, ఆమె గడ్డకట్టి చచ్చిపోయిందని.

అప్పట్నుంచీ ఆ ఇంట్లోంచి ఏడుపు వినిపిస్తుందంటారు. విన్నవాళ్ళ ఇంట్లోంచి ఏడాది తిరక్కుండా ఒక మనిషి పోతారంటారు. పాల క్యాన్లు తోలే ఎద్మో విన్నాడు. ఆరు నెలల్లో వాళ్ళమ్మ పోయింది. ఆవిడకి తొంభై నాలుగేళ్ళు, మంచం పట్టి మూడేళ్ళు… అది మాత్రం ఎవరూ చెప్పరు. చెబితే కథ పాడైపోదూ!

ఆన్సెల్మ్ ఇవేవీ నమ్మేవాడు కాదు. అతను ఒక్క తుప్పుకే భయపడేవాడు.

“దెయ్యం పడితే వదిలించడానికి ఫాదర్ ఉన్నాడు. తుప్పు పడితే ఎవడున్నాడు?” అనేవాడు.

నవ్వుకోవడానికి బానే ఉంటుంది. కానీ అతని భయానికి కారణం ఉంది. అతని భార్య ఒలివెట్‌కి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. సోమవారం, బుధవారం, శుక్రవారం… వారానికి మూడుసార్లు రిముస్కి ఆసుపత్రికి తీసుకెళ్ళి, యంత్రానికి తగిలించి రక్తం శుభ్రం చేయించాలి. పోను తొంభై కిలోమీటర్లు, రాను తొంభై. మా ఊరికి బస్సు లేదు. మంచు రోజుల్లో ట్యాక్సీ రమ్మంటే ఫోన్లోనే నవ్వుతారు. ట్రక్కు కదిలితేనే ఒలివెట్ బతుకుతుంది. కదలకపోతే ఐదో రోజుకో ఆరో రోజుకో అయిపోతుంది.

మే నెలలో డాక్టరు పిలిచి చెప్పాడు, కిడ్నీ మార్చుకోవచ్చమ్మా అని. ఒలివెట్ తమ్ముడు ఫిర్మెన్, రంపపు మిల్లులో పనిచేసే వాగుడుకాయ, అడక్కుండానే ముందుకొచ్చాడు. పరీక్షలు చేశారు. సరిపోయింది. అందరూ పండగ చేసుకున్నారు.

ఒలివెట్ మాత్రం వద్దంది.

ఎందుకని అడిగితే చెప్పదు. బతిమాలారు, తిట్టారు, ఫాదర్ చేత చెప్పించారు. “వద్దు” అన్న మాట తప్ప ఇంకో మాట రాలేదు ఆమె నోట. “నా కిడ్నీ ఇస్తానంటే, కుళ్ళిన బంగాళాదుంప చేతిలో పెట్టినట్టు చూసింది బావా నా వంక!” అని ఫిర్మెన్ మూడు నెలలు మొత్తుకున్నాడు. తర్వాత అతనూ ఊరుకున్నాడు. అలా బండి మీదే ఆధారపడి బతుకుతున్నారు మొగుడూ పెళ్ళాలు.

ఆ బండి సంగతి కూడా చెప్పాలి. పాతదాన్ని, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తినేసింది. ఆన్సెల్మ్ తండ్రి ఇచ్చిన మేపుల్ తోట అమ్మేసి, దక్షిణంగా ఎంతో దూరం నుంచి ఒక ట్రక్కు తెప్పించుకున్నాడు. మంచంటే ఎరగని ఊళ్ళో పెరిగిన బండి. కింద ఒక్క ఎర్ర మచ్చ లేదు. వేసవంతా వాకిట్లో గోనె పరుచుకుని, దాని కింద వెల్లకిలా పడుకుని ఛాసిస్ చూసుకుంటూ మురిసిపోయేవాడు.

“ముప్పై ఏళ్ళ కాపురంలో నన్నెప్పుడైనా అలా చూశావుటయ్యా?” అనేది ఒలివెట్ కిటికీలోంచి.

“నీకు తుప్పు పట్టదుగా!”

“లోపలంతా పట్టింది. నీకే కనపడ్డం లేదు,” అనేది.

నవంబరు రెండో శనివారం దొనా గ్యారేజీలో ట్రక్కుకి నూనె కొట్టించాడు. తుప్పు పట్టకుండా మా దగ్గర ఏటా చేసేదే. బండిని పైకెత్తి, తలుపుల్లో, దూలాల్లో, ఛాసిస్ సందుల్లో గొట్టం పెట్టి నూనె చిమ్ముతారు. ఆ తర్వాత రెండు రోజులు బండి టప్ టప్ మని కారుతూనే ఉంటుంది. వాకిలంతా మరకలు, కుక్క కాళ్ళకి నూనె, ఇంట్లో తివాచీల మీద కుక్క అడుగులు. పెళ్ళాలు శాపనార్థాలు పెట్టే కాలం అది.

అంతటితో అయిపోదు. నూనె ఆరకముందే బండిని మట్టిరోడ్డు మీద తిప్పాలి. దుమ్ము లేచి నూనెకి పట్టుకుని పెచ్చు కట్టాలి. ఆ పెచ్చుంటే చలికాలమంతా ఉప్పునీళ్ళు ఇనుమును ముట్టుకోలేవు. అది లేకపోతే కొట్టించిన నూనె క్రిస్మస్ కల్లా కడుక్కుపోతుంది. ఇది సైన్సో కాదో నాకు తెలీదు, మా ఊళ్ళో ఫాదర్ కూడా తన కారుకి ఇదే చేస్తాడు.

ఆదివారం మధ్యాహ్నం రేడియోలో చెప్పారు, అర్ధరాత్రి దాటాక మంచు మొదలవుతుందని. మొదటి మంచు. అది పడిందంటే మళ్ళీ ఏప్రిల్ దాకా దుమ్మనే మాటే ఉండదు.

ఆన్సెల్మ్‌కి కాలు నిలవలేదు. వాకిట్లోకి పోతాడు, ఆకాశం చూస్తాడు, లోపలికొస్తాడు. ఊరి చుట్టూ ఉన్న మట్టిరోడ్లన్నీ మనసులో తిరిగొచ్చాడు. అన్నిటి మీదా దుమ్ము లేవకుండా పంచాయతీ వాళ్ళు వేసవిలో కాల్షియం చల్లారు. అదీ ఉప్పు లాంటిదే, ఇనుమును అలాగే తింటుంది. దాని మీద బండి తిప్పడమంటే చేజేతులా విషం పెట్టుకోవడమే.

కాల్షియం చల్లని రోడ్డు ఒక్కటే ఉంది. పన్ను కట్టేవాడు ఒక్కడూ కాపురం లేని రోడ్డు.

ఏడో వరస.

సరిగ్గా అప్పుడే ఫిర్మెన్ వచ్చాడు, ఆదివారం సూప్ కోసం. సంగతి విని, “పద బావా, నేనూ వస్తా. నువ్వొక్కడివే పోతే జెర్వేజ్ నిన్ను పెళ్ళి చేసుకుంటుంది,” అన్నాడు.

నవ్వుతుందనుకున్న ఒలివెట్ నవ్వలేదు. పొయ్యి దగ్గర్నించి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“వద్దు. అటు పోవద్దు.”

“ఓసి పిచ్చిదానా, అరగంట పని…”

“ఆ దుమ్ము లేకపోతే మానె. పోవద్దంటున్నానా!”

“పోకపోతే మార్చి కల్లా ఈ బండికీ పాతదాని గతే. అప్పుడు నిన్ను ఆసుపత్రికి స్లెడ్జి మీద లాక్కెళ్ళనా?” ఆన్సెల్మ్ గొంతు లేచింది. కిడ్నీ వద్దన్నప్పట్నుంచీ లోపల కుళ్ళుతున్న కోపం అది. “నీకు బతకాలని లేకపోతే పోనీ. నాకుంది, నువ్వు బతకాలని!”

ఒలివెట్ మొహం పాలిపోయింది. పక్కకి తప్పుకుంది. “అయితే… ఆపకు. ఏం జరిగినా సరే, ఆ ఇంటి ముందు మాత్రం ఆపకు,” అంది నెమ్మదిగా.

నాలుగున్నరకి బయల్దేరారు. నవంబర్లో మా దగ్గర నాలుగున్నరంటే చీకటే.

హైవే వదిలి ఏడో వరసలోకి తిరిగే మలుపు వచ్చింది. అక్కడ ఆన్సెల్మ్ బండి నెమ్మది చేశాడు. గత మార్చిలో పాత బండి ఛాసిస్ విరిగి కూలబడింది ఇక్కడే. నడుంలోతు మంచులో ఒలివెట్‌ని బండిలోనే దుప్పటి కప్పి కూర్చోబెట్టి, ట్రాక్టరు కోసం గంటసేపు నడిచాడు. ఆ రోజు తనని తాను తిట్టుకున్నంతగా ఇంకెవర్నీ ఎప్పుడూ తిట్టి ఉండడు.

“దుమ్ము చూడు బావా, బంగారం!” అన్నాడు ఫిర్మెన్ వెనక్కి తిరిగి.

నిజమే. పదిహేను రోజులుగా చినుకు లేదు. రోడ్డు పిండిలా ఉంది. ఆన్సెల్మ్ కావాలనే చక్రాలు గుంటల్లో వేస్తూ, అటూ ఇటూ తిప్పుతూ పోతున్నాడు. అడుగున రాళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. రెండు పక్కలా నల్లటి దేవదారు చెట్లు… దీపాల వెలుగు వాటి మొదళ్ళ దాకా పోయి ఆగిపోతోంది.

ఒక కిలోమీటరు పోయారు. రెండు.

“బావా…”

“ఊఁ?”

“వెనకాల ఎవరో ఉన్నారు.”

ఆన్సెల్మ్ అద్దంలోకి చూశాడు. వెనక దీపాల ఎర్ర వెలుగులో… తెల్లగా ఏదో. మనిషెత్తు. బండి వేగం పెంచితే అదీ సాగుతోంది, తగ్గిస్తే దగ్గరకొస్తోంది. దుమ్ములో కలవదు, వెనకబడదు. చేతులు చాచినట్టు విడిపోతోంది, మళ్ళీ కూడుకుంటోంది.

“దుమ్మురా,” అన్నాడు. గొంతు తనకే పరాయిగా వినిపించింది.

“దుమ్ము తెల్లగా ఉంటుందా బావా?”

అప్పుడు వాసన వచ్చింది. కాలుతున్న వాసన.

ఆన్సెల్మ్ గుండె ఝల్లుమంది, దెయ్యానికి కాదు. నిప్పు! బండికి నిప్పంటుకుంది! తండ్రి తోట, ఒలివెట్ ప్రాణం, అన్నీ తన కాళ్ళ కింద కాలిపోతున్నాయి. ఇంకేం ఆలోచించలేదు. బ్రేకు మీద నిలబడ్డాడు. ఇంజిన్ ఆపేశాడు. తలుపు తోసుకుని, టార్చి పట్టుకుని కిందికి దూకి, నేల మీద పడి లోపలికి చూశాడు.

మంట లేదు. కొత్త నూనె వేడి సైలెన్సర్ మీద పడి పొగలొస్తోంది. అంతే. తెల్లటి, మందపాటి, కంపు కొట్టే పొగ. ఏటా వచ్చేదే… ఈసారి దొనా గాడు పిసినారితనం మానేసి రెండింతలు కొట్టినట్టున్నాడు.

“పొగరా వెధవా! పొగ!” అని నవ్వాడు ఆన్సెల్మ్. “మనిషెత్తు దెయ్యమట!”

ఫిర్మెన్ నవ్వలేదు. బండి దిగలేదు కూడా. అద్దంలోంచి కుడివైపు చూస్తున్నాడు.

“బావా… ఎక్కడాపావో చూశావా?”

ఆన్సెల్మ్ తలెత్తాడు.

పెల్షా ఇల్లు.

కప్పు నడుం విరిగి కుంగిపోయింది. కిటికీలకి అద్దాల్లేవు. తలుపు ఒక్క బందు మీద వేలాడుతోంది. వాకిట్లో ఎండిన గడ్డి కదలడం లేదు. గాలే లేదు.

బండి కింద నూనె కారుతోంది. టప్… టప్… టప్…

“ఎక్కు బావా,” అని గుసగుసలాడాడు ఫిర్మెన్. “ఎక్కు, పోదాం.”

ఆన్సెల్మ్ లేచి, మోకాళ్ళు దులుపుకున్నాడు. తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

అప్పుడు వినిపించింది.

ముందు చిన్నగా. పసిబిడ్డ నిద్రలో మూలిగినట్టు. తర్వాత సాగింది… పైకి లేచింది… ఒక ఆడమనిషి గొంతు, మాటల్లేకుండా, ఎవర్నో అడుగుతున్నట్టు. ఊఁ… ఊఁ… ఊఁఁ… అని. ఆగింది. ఊపిరి పీల్చుకున్నంత సేపు ఆగి, మళ్ళీ మొదలైంది. ఇంట్లోంచే.

ఫిర్మెన్ చర్చి సామాన్ల పేర్లన్నీ వరసపెట్టి తిట్లుగా వల్లించడం మొదలెట్టాడు. మావాళ్ళకి కోపమొచ్చినా భయమేసినా నోటికి వచ్చే తిట్లు అవే. పూజాపాత్రతో మొదలుపెట్టి పీఠం దాకా వచ్చాడు, మళ్ళీ మొదటికి పోయాడు.

ఆన్సెల్మ్ కదల్లేదు. విన్నవాళ్ళ ఇంట్లోంచి… ఏడాది తిరక్కుండా… అతని ఇంట్లో ఉన్నదెవరు? యంత్రానికి తగిలించుకుని బతుకుతున్నదెవరు? ఇన్నేళ్ళూ నవ్విన మాటలన్నీ ఒక్కసారిగా నిజమనిపించాయి. ఆపకు అందే… ఒక్క మాట అడిగిందే… తనే ఆపాడు. తనే విన్నాడు.

భయం కాస్తా ఏ క్షణాన కోపమైందో అతనికే తెలీదు. సీటు కింద నుంచి వీల్ స్పానర్ లాగాడు.

“బావా! ఎక్కడికి? బావా, నీకు పిచ్చెక్కిందా!”

వినిపించుకోలేదు. గడ్డి తొక్కుకుంటూ వాకిట్లోకి నడిచాడు. ఏడుపు ఇంకా పెద్దదైంది. గుమ్మం ముందు ఆగి, ఇంట్లోని చీకటి మీద విరుచుకుపడ్డాడు.

“జెర్వేజ్! ఇలా చూడు! విన్నది నేను, ఒలివెట్ కాదు. ఆమెని ముట్టుకున్నావంటే ఈ ఇంటికి నిప్పెడతా, నీ ఎముకలున్నచోట ఉప్పు చల్లుతా! ఎవరో ఒకరు కావాలంటే నన్ను తీసుకో. ఏం, నేను పనికిరానా? యాభై ఎనిమిదేళ్ళు, కిడ్నీలు బావున్నాయి… నన్నే తీసుకో!”

ఏడుపు ఆగింది.

చీకట్లో ఏదో గీరుతోంది. కర్… కర్… కర్…

ఆన్సెల్మ్ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తలుపుని కాలితో తన్నాడు. అది బందుతో సహా ఊడి లోపల పడింది. టార్చి ఎత్తాడు.

వంటిల్లు. తుప్పుపట్టిన పొయ్యి. బల్ల. ఆ బల్ల మీద… రెండు ఎర్రటి కళ్ళు.

ముళ్ళపంది.

పెద్ద కుక్కంత ఉంది. తరతరాల చేతుల చెమట ఇంకి ఉప్పెక్కిన బల్ల అంచుని ముందు కాళ్ళతో పట్టుకుని, తీరిగ్గా కొరుక్కుంటోంది. కింద నేల మీద ఇంకోటి, మూతి పైకెత్తి దానివంకే చూస్తోంది. టార్చి వెలుగునీ, తలుపు ఊడిపోవడాన్నీ, ఆన్సెల్మ్‌నీ లెక్కచెయ్యకుండా అది నోరు తెరిచింది.

ఊఁ… ఊఁ… ఊఁఁ…

ఆన్సెల్మ్ గుమ్మంలోనే కూలబడ్డాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఫిర్మెన్‌కి బండిలోంచి అర్థం కాలేదు. ఒక చేత్తో శిలువ గుర్తు వేసుకుంటూ, ఇంకో చేత్తో ప్యాంటు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఛీ,” అన్నాడు చివరికి. “పెళ్ళిచూపులకి అడ్డొచ్చాం బావా.”

అప్పుడు పడ్డారిద్దరూ నవ్వలేక. కడుపులు పట్టుకుని, గుమ్మానికి తలలు బాదుకుని నవ్వారు.

“మా నాన్న చెప్పేవాడు,” అన్నాడు ఫిర్మెన్ కళ్ళు తుడుచుకుంటూ. “అడవిలో ఉచ్చులు పెట్టే రోజుల్లో. మగది ఆడదాని కోసం ఇలాగే ఏడుస్తుందట, అచ్చం మనిషిలా. ఆకులు రాలేటప్పుడు, ఒక నెల, నెలన్నర… అంతే. మంచు పడిందా, నోరు మూసుకుంటాయి. మళ్ళీ శరదృతువు దాకా ఒక్క మాట మాట్లాడవు. ఎప్పుడో చెప్పాడు, మర్చేపోయా. అంటే… ఊరు ఊరంతా, ఇన్నేళ్ళుగా…”

“ముళ్ళపంది పెళ్ళికి భయపడి చస్తోంది!”

“నువ్వు దానికి నీ కిడ్నీలు చూపించావు బావా! నన్ను తీసుకో అన్నావు! అదొస్తానంటే ఏం చేసేవాడివి?”

“ఆ మాట ఒలివెట్‌కి చెప్పావంటే చంపుతా.”

“ఊరంతా చెబుతా, అక్కకి చెప్పకుండా ఉంటానా!”

తిరిగొచ్చేటప్పుడు ఇంకో రెండుసార్లు ఆ రోడ్డంతా తిప్పారు. ఇంటికొచ్చాక ఆన్సెల్మ్ టార్చి వేసి బండి కింద చూశాడు. వేయించడానికి పిండిలో దొర్లించిన చేపలా ఉంది ఛాసిస్. వేలితో గీకి చూశాడు. పెచ్చు కదల్లేదు. చాలా రోజుల తర్వాత అతనికి ఆకలేసింది.

ఒలివెట్ తలుపు దగ్గరే ఉంది. ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. “ఆపలేదుగా?” అంది.

“ముందు సూప్ పొయ్యి, చెబుతాం,” అన్నాడు ఫిర్మెన్.

బఠాణీ సూపు, రొట్టె, వెన్న. ఫిర్మెన్ తినలేదు, చెప్పాడు. పొగ దగ్గర్నించి మొదలెట్టి, చేతులతో, కళ్ళతో, కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడి చెప్పాడు. బావ స్పానర్ పట్టుకుని దెయ్యంతో బేరాలాడ్డం చెప్పేటప్పుడు ఆన్సెల్మ్ రొట్టెముక్క విసిరాడు. తనే ముందు దిగి పొగ సంగతి కనిపెట్టానన్నాడు ఫిర్మెన్. పోనీలే అని ఊరుకున్నాడు ఆన్సెల్మ్. ఆఖరికి బల్ల అంచు పట్టుకుని, మూతి ఎత్తి, ఏడ్చి చూపించాడు.

ఊఁ… ఊఁ… ఊఁఁ…

ఒలివెట్ చేతిలో గరిటె కింద పడింది.

“మళ్ళీ చెయ్యి,” అంది.

“ఏంటక్కా?”

“ఆ చప్పుడు. మళ్ళీ చెయ్యి.”

చేశాడు. ఈసారి అంత నవ్వు రాలేదు ఎవరికీ. ఒలివెట్ కళ్ళు మూసుకుని వింది. మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అదే,” అంది. “అదే ఏడుపు. ముళ్ళపందా? నిజంగా… ముళ్ళపందేనా?”

“నా కళ్ళతో చూశా. ఏమైందే?” అన్నాడు ఆన్సెల్మ్.

“నేనూ విన్నాను.”

ఒలివెట్ కింద పడ్డ గరిటె తీసి బల్ల మీద పెట్టింది.

“పాత బండి విరిగిన రోజున. నువ్వు ట్రాక్టరు కోసం వెళ్ళావు చూడు, అప్పుడు. చీకటి పడుతోంది. ఆ ఇంటివైపు నుంచే వచ్చింది. చెవులు మూసుకున్నా వినిపించింది. నువ్వొచ్చేదాకా వినిపిస్తూనే ఉంది.” అప్రాన్‌తో మొహం తుడుచుకుంది. “నీకు చెబితే నవ్వుతావని చెప్పలేదు. ఇంట్లోంచి ఒకరు పోవాలి కదా… ఈ ఇంట్లో ఉన్నదెవరు? నువ్వు, నేను, ఆదివారం ఆదివారం తయారయ్యే వీడు. నేను బాగైపోతే మిగిలేది మీరిద్దరేగా. వీడు నాకోసం బల్ల మీద పడుకుని కోయించుకుంటే… అక్కడే వీడికేమన్నా అయితే? పోయేదేదో నేనే పోతే అయిపోతుంది కదా అనుకున్నా. అందుకే వద్దన్నా. అంతే.”

ఆన్సెల్మ్ చెంచా కింద పెట్టాడు. ఇన్ని నెలలు. ఇన్ని నెలలు ఈ ఆడది చావుని తనలో దాచుకుని, వాళ్ళిద్దరికీ వండిపెట్టింది. తను ఆమె మీద అరిచాడు. లేచి వెళ్ళి ఆమె తలని గుండెకి హత్తుకున్నాడు.

అప్పుడు తట్టిందతనికి.

మార్చి.

పాత బండి విరిగింది మార్చిలో. నడుంలోతు మంచు. ఆకులు రాలేటప్పుడు నెలన్నర, అంతే… మంచు పడిందా, మళ్ళీ శరదృతువు దాకా…

తలెత్తి ఫిర్మెన్ వంక చూశాడు. ఫిర్మెన్ కూడా అతని వంకే చూస్తున్నాడు. చెంచా నోటికీ గిన్నెకీ మధ్య ఆగిపోయి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“అవి మార్చిలో కూడా ఏడుస్తాయా?” అంది ఒలివెట్, ఆన్సెల్మ్ చొక్కాలోంచే.

ఆన్సెల్మ్ నోరు తెరిచాడు.  అవునంటే ఫిర్మెన్‌ని కోతబల్ల మీదికి పంపుతున్నట్టు, కాదంటే ఒలివెట్‌ని చేజేతులా పాతిపెట్టినట్టు.

ఫిర్మెన్ చెంచా నోట్లో పెట్టుకున్నాడు. మింగాడు.

“మార్చిలోనా!” అన్నాడు. “మార్చిలో అయితే మరీ గోల చేస్తాయక్కా! మంచు కరిగేముందు వాటికి ఇంకో విడత. నాన్న చెప్పేవాడుగా… ముళ్ళపందులకి ఏడాదికి రెండుసార్లు పిచ్చెక్కుతుందని.”

“నాకెప్పుడూ చెప్పలేదే నాన్న.”

“ఆడపిల్లకి అలాంటివి చెబుతారా ఎవరైనా?”

ఒలివెట్ నవ్వింది. నవ్వుతూనే భోరుమంది. ఆ ఏడుపు చాలాసేపు ఆగలేదు. ఆగాక, ముక్కు తుడుచుకుని, తమ్ముడి గిన్నెలో ఇంకో రెండు గరిటెలు సూపు పోసింది.

“రేపు సోమవారమేగా. డాక్టర్ని నేనే అడుగుతా,” అంది. “నువ్వు… ఇంకా ఇస్తానంటావా?”

“బావ తనవి ముళ్ళపందికి మాటిచ్చేశాడు. నాది నీకే.”

ఫిర్మెన్ ఆ సూపంతా తాగాడు. రొట్టె తిన్నాడు. ఇంకో రెండు జోకులేశాడు. లేచి కోటు తొడుక్కుని వసారాలోకి వచ్చాడు. ఆన్సెల్మ్ వెనకే వచ్చి, తలుపు దగ్గరగా వేశాడు. రేడియో చెప్పినదానికంటే ముందే బయట మంచు మొదలైంది.

“ఫిర్మెన్… మార్చిలో…”

“మార్చిలో ఏడుస్తాయి బావా,” అన్నాడు ఫిర్మెన్. “ఏడుస్తాయి. ఊళ్ళో ఎవరడిగినా నువ్వూ అదే చెప్పు.”

బొత్తాం పెట్టుకోబోయాడు. రెండుసార్లు ప్రయత్నించినా అది కన్నంలోకి పోలేదు. ఆన్సెల్మ్ వంగి, పైనుంచి కింది దాకా బొత్తాలన్నీ తనే పెట్టాడు.

ఫిర్మెన్ మెట్లు దిగలేదు. 

“బావా… ఇవాళ నన్ను ఇంటి దాకా దింపుతావా?”

అతని ఇల్లు రోడ్డుకి అవతలి పక్కనే. వసారాలోంచే దీపం కనిపిస్తోంది.

ఆన్సెల్మ్ లోపలికెళ్ళి ట్రక్కు తాళాలు తెచ్చాడు.